నూటపదహారు రోజుల బొమ్మల్లో 74వ రోజు: ఏడుగురు వేసినట్టున్నాయి, ఇందులో నా గీత ఏది?

అక్కయ్యపాలెం_గీత (ప్రశ్న)

నమస్కారమండీ. నేను విశాఖపట్నంలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వయసు 38. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంటర్ బైపీసీలో మాత్రం సగం క్లాసు రికార్డులు నేనే వేసిపెట్టేదాన్ని. కప్ప జీర్ణవ్యవస్థ ఇప్పటికీ కళ్ళు మూసుకుని వేస్తాను. దానికి ఎవరూ లైకులు కొట్టరనుకోండి, అది వేరే సంగతి.

పోయిన అక్టోబరులో ఇంక్‌టోబర్ మొదలుపెట్టాను. 2009లో జేక్ పార్కర్ అనే అమెరికా ఆర్టిస్టు తన ఇంకు పని బాగుపడాలని తనకి తానే పెట్టుకున్న నియమం అది. తర్వాత ప్రపంచమంతా పట్టుకుంది. 31 రోజులు, రోజుకో మాట, ఆ మాటకో బొమ్మ. నేను పన్నెండో రోజుకే చేతులెత్తేశాను. దసరాకి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు, అంతే.

అందుకని ఈసారి నా చాలెంజ్ నేనే పెట్టుకున్నాను. శివరాత్రి మర్నాటి నుంచి నూటపదహారు రోజులు. చదివింపుల్లో నూటపదహార్లు రాయించినట్టు, రోజుకో బొమ్మ. జేబులో పట్టే ఏ6 పుస్తకం, ఒకటే నల్ల పెన్ను, ఇరవై నిమిషాలు. ఏ బొమ్మ అన్నదానికి రూలు లేదు, ఆ రోజు కంటికి ఏది ఆనితే అది. ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరం వచ్చిన రోజు థర్మామీటర్ వేశాను.

గొడవ ఎక్కడంటే, మొన్న ఆదివారం పుస్తకం స్పైరల్ విప్పి అప్పటిదాకా వేసిన కాగితాలన్నీ హాల్లో నేలమీద పరిచాను. ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపాను. ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపడమంటే మా ఇంట్లో యుద్ధం ప్రకటించినట్టే. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది, పూర్ణా మార్కెట్‌లో కరివేపాకు గంప ఉంది. నిద్రపోతున్న మా పాప, బంగినపల్లి, ఒక జపాన్ కార్టూన్ అమ్మాయి, రెండు మండలా డిజైన్లు (గుండ్రటి ముగ్గుల్లాంటివి). మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి చాలా మంచి మనసుతో అడిగారు, "ఎవరెవరివి ఇవన్నీ?" అని.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. నిజమే కదా. 12వ రోజుది ఇన్‌స్టాలో నేను ఫాలో అయ్యే ఒకావిడ బొమ్మలా ఉంది. 30 నుంచి 40 దాకా అడ్డగీతలు, నిలువుగీతలు కుమ్మేశాను, ఎందుకంటే ఆ వారం అదే యూట్యూబ్ వీడియో చూస్తున్నాను. ఏడుగురు వేసినట్టున్నాయి. ఆ ఏడుగురిలో నేను లేను.

ఇంకా 42 రోజులున్నాయి. ఇలాగే వేసుకుంటూ పోతే స్టైల్ అనేది దానంతటదే వస్తుందా? లేకపోతే ఆపేసి ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలా? ఇంకొకటి, రాత్రి పదింటికి వేస్తున్నప్పుడు చేతి చెమటకి ఇంకు అలికిపోతోంది, దానికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి.

ఫోటోలు పెట్టాను. 52, 53, 61 మాత్రం ల్యాబ్‌లో టీ గ్యాప్‌లో, పేషెంట్లని చూసి వేసినవి. నవ్వకండి.

బ్యాక్‌బెంచ్_మద్దిలపాలెం

అక్కా, 74 రోజులా! నేను తొమ్మిదో రోజే ఔట్. నాకు తెలిసింది చెప్తా. ఏ రోజుకి ఆ రోజు ఏం వెయ్యాలా అని ఆలోచిస్తే సగం టైమ్ అక్కడే పోతుంది. ముందే లిస్టు రాసి పెట్టేసుకో. ఇంకా, ఒక ఆర్టిస్టుని పట్టుకుని నెల రోజులు వాళ్ళలాగే వేసెయ్. ఇప్పుడు స్టైల్ లేకపోతే రీచ్ కూడా రాదు. పేజీ తెరిస్తే అన్నీ ఒకేలా కనపడాలి. కలర్స్ రెండే పెట్టుకో, సెట్ అయిపోద్ది.

సబ్‌మెరైన్ సూపర్. కరివేపాకు గంప అంటే నేను పిచ్చుకగూడు అనుకున్నా, సారీ.

ఉప్పుగాలి

నేను పిల్లల కార్టూన్లకి బ్యాక్‌గ్రౌండ్లు వేస్తాను, ఇంటి దగ్గర నుంచే, లాసన్స్ బేలో. పై తమ్ముడు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను, ఒకటి ఒప్పుకోను.

ఒకరిని చూసి వెయ్యడం తప్పు కాదు. మేమందరం అలాగే మొదలుపెట్టాం. కానీ రెండు రంగులు పెట్టేసుకుంటే అన్నీ ఒకేలా కనపడతాయి అన్నది యూనిఫారం లాంటిది. యూనిఫారం వేసుకున్నంత మాత్రాన నడక ఒకటైపోదు.

గీతగారూ, మీ నియమాల్లో పుస్తకం కట్టేశారు, పెన్ను కట్టేశారు, టైమ్ కట్టేశారు. బొమ్మని మాత్రం వదిలేశారు. నాకు చిక్కు అక్కడ కనిపిస్తోంది. సోమవారం సబ్‌మెరైన్, మంగళవారం మామిడిపండు, బుధవారం పాప అంటే రోజూ కొత్త లెక్క. కొత్త లెక్క వచ్చినప్పుడల్లా చెయ్యి భయపడి, ఎక్కడో చూసిన పద్ధతిని అప్పు తెచ్చుకుంటుంది. అందుకే ఏడుగురు కనపడుతున్నారు. ఒకే లెక్క నలభై సార్లు చేస్తే అప్పు అక్కర్లేదు.

ఇటలీలో మొరాందీ అని ఒకాయన ఉండేవాడు, 1890లో పుట్టి 1964లో పోయాడు. బొలోన్యా అనే ఊళ్ళో అక్కచెల్లెళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాడు. దాదాపు జీవితమంతా వేసినవి సీసాలు, కూజాలు, గిన్నెలు. అవే సీసాలు. గాజు మెరుపు అడ్డొస్తోందని ఆ సీసాలకే రంగు పూసేసేవాడు. ఈ రోజు ఎవరైనా నాలుగు మట్టిరంగు సీసాలు దగ్గర దగ్గరగా పెట్టి వేస్తే, మొరాందీలా వేశాడు అంటారు. సీసా వేసినవాళ్ళు లక్షమంది ఉంటారు కదా, ఆయన పేరే ఎందుకు రావాలి?

అంత దూరం ఎందుకు, మన వడ్డాది పాపయ్యగారు. శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో ఉండి వేశారు. చందమామ అట్టలు చూసి పెరిగినవాళ్ళకి కింద 'వపా' అని సంతకం వెతకాల్సిన పని ఉండేది కాదు, ఆ రంగులే చెప్పేసేవి. (మా నాన్న పాత చందమామలు ట్రంకుపెట్టె నిండా దాచారు. సముద్రపు తేమకి సగం అంటుకుపోయాయి. తలుచుకుంటే ఏడుపొస్తుంది.)

తేమ అంటే గుర్తొచ్చింది. చెయ్యి కింద ఒక మందపాటి కాగితం ముక్క పెట్టుకుని, బొమ్మతో పాటు దాన్ని జరుపుకుంటూ వెయ్యండి. జెల్ పెన్ను అయితే మార్చి పిగ్మెంట్ ఇంకు పెన్ను తీసుకోండి, ఒకసారి ఆరితే చెమట తగిలినా కదలదు. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ సంచులు రెండు పడెయ్యండి. మన ఊళ్ళో వాటిని పారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సింధూర_22

ఒక చిన్న అభ్యంతరం. ల్యాబ్‌కి వచ్చిన పేషెంట్లని వాళ్ళకి చెప్పకుండా బొమ్మలు వెయ్యడం కరెక్టేనా? మా అమ్మ అలా కూర్చున్నప్పుడు ఎవరైనా గీస్తే నాకు నచ్చదు.

అక్కయ్యపాలెం_గీత

మంచి ప్రశ్న అడిగారు. నాకూ మొదట్లో అదే అనిపించింది. అందుకే ముఖాలు వెయ్యను. పేరు, చీటీ, నగలు, పచ్చబొట్టు, ఎవరో తెలిసిపోయే గుర్తు ఏదీ వెయ్యను. ఫోటో కూడా తియ్యను. చూసి, గుర్తున్నంత వరకే. ఆ మూడింట్లోనూ మోచేతులే ఉన్నాయి.

ఎందుకు మోచేతులంటే, రక్తం తీశాక దూది పెట్టి, "చెయ్యి మడవకండి, చాపి, వేలితో నొక్కి పట్టుకోండి" అని చెప్తాం. మడిస్తే లోపల రక్తం చేరి కమిలిపోయే అవకాశం ఎక్కువ. పొద్దున్న ఆరున్నర నుంచి ఒక వంద సార్లు చెప్తాను. వందమందీ "సరేనమ్మా" అని మడిచేస్తారు. అలా మడిచిన చేతులతో కుర్చీల్లో వరసగా కూర్చుంటారు, రెక్క దెబ్బతిన్న కొంగల్లా. దాన్నొకసారి వెయ్యాలనిపించింది. అంతే.

ఉప్పుగాలిగారూ, బొమ్మని వదిలేశాను అన్న మాట బాగా తగిలింది. కానీ నలభై రోజులూ ఏం వెయ్యను? మా ఇంట్లో సీసాలంటే పచ్చళ్ళవే.

బోర్డు_ఆర్టిస్ట్_పూర్ణామార్కెట్

అమ్మా, నేను బోర్డులు రాసేవాణ్ణి. 1981లో, పదమూడేళ్ళప్పుడు మా గురువుగారి షాపులో చేరాను. నేను చెప్తుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. తప్పులుంటే దానివి.

మొదటి ఆరు నెలలూ కిరోసిన్‌లో కుంచెలు కడిగాను. తర్వాత గురువుగారు ఒక రేకు ముక్క ఇచ్చి తలకట్టు పెట్టమన్నారు. అక్షరం కాదు, ఉత్త తలకట్టు. పెట్టడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ పెట్టడం. ఎన్ని వందలు పెట్టానో. అప్పుడు తిట్టుకున్నాను.

ఆ రోజుల్లో ఊళ్ళో సగం బోర్డులు 'శ్రీ'తో మొదలయ్యేవి. శ్రీ కనకమహాలక్ష్మి కిరాణా, శ్రీ వరాహ నరసింహ టైలర్స్, శ్రీ వేంకటేశ్వర కిళ్ళీ షాపు. మా జీవితమంతా శ్రీలు రాయడమే. నా శ్రీ ముందు అచ్చం గురువుగారి శ్రీలాగే ఉండేది. ఆయన పొడుగు మనిషి. ర వత్తుని అక్షరం కింద నుంచి బారుగా, పాము పడుకున్నట్టు ఒకే ఊపులో తిప్పేవారు. నేను పొట్టివాణ్ణి. నిచ్చెన పైమెట్టు మీద నిలబడితే నా చెయ్యి అంత దూరం వెళ్ళేది కాదు. వెళ్ళాలంటే దిగాలి, నిచ్చెన జరపాలి, మళ్ళీ ఎక్కాలి. ఈలోగా ఎనామిల్ అంచు ఆరి మచ్చ కడుతుంది. ఇంకో సంగతి, నిచ్చెన జరపడానికి బద్ధకం కూడా. అందుకని వత్తుని కురచగా కోసి, చివర పైకి ఒక విసురు విసిరేసేవాణ్ణి. గురువుగారు చూసి "తోక తెగిన శ్రీ" అని తిట్టేవారు.

అయిదారేళ్ళు పోయాక జగదాంబ దగ్గర ఒక షాపాయన వెతుక్కుంటూ వచ్చాడు. "ఆ తోక తెగిన శ్రీ రాసే అబ్బాయి ఎవరు? నాకూ అదే కావాలి" అన్నాడు. గురువుగారు నా వైపు చూపించి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు టీ ఆయనే తెప్పించారు.

బాపుగారి అక్షరాల్లో రాయమని అడిగేవారు చాలామంది. రాసేవాణ్ణి, చక్కగా వచ్చేవి. డబ్బులూ వచ్చేవి. తప్పేం లేదు. కానీ ఆ బోర్డు చూసినవాళ్ళు బాపుగారిని తలుచుకునేవాళ్ళు, నన్ను కాదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, ఇంక ఎవరినీ తలుచుకోనక్కర్లేకుండా పోయింది. అది వేరే కథ.

ఇప్పుడు మీ బొమ్మలు. ఫోన్‌లో పెద్దవి చేసి చేసి చూశాను. సబ్‌మెరైన్ బాగుంది, కానీ గీతలన్నీ జాగ్రత్తగా పొలం గట్లలా మూసేశారు. మామిడిపండు, పాప, అన్నీ అంతే, ఎక్కడా గాలి దూరదు. 52, 53, 61 చూడండి. మోచెయ్యి మడత దగ్గర గీత కలవలేదు. పై చేతి గీత వచ్చి ఆగిపోయింది, కింది చేతి గీత కొంచెం అవతల మొదలైంది. మూడింట్లోనూ. మధ్యలో ఖాళీ ఉంది, అయినా నా కంటికి అక్కడ మడత కనపడుతోంది, లోపలి దూది కూడా. ఇది కావాలని చేశారా?

అక్కయ్యపాలెం_గీత

లేదండీ. కావాలని చెయ్యలేదు. అసలు మీరు చెప్పేదాకా చూసుకోలేదు.

టోకెన్ నంబర్ పిలిచేలోపు వెయ్యాలి. టీ గ్యాప్ అంటే ఇరవై నిమిషాలేం ఉండవు, నాలుగైదు నిమిషాలు. బజర్ మోగగానే పెన్ను మూత పెట్టి పరిగెత్తాలి. మడత దగ్గర కష్టం కాబట్టి దాన్ని ఆఖరికి ఉంచుకుంటాను. ఆ ఆఖరు వచ్చేసరికి బజర్.

బోర్డు_ఆర్టిస్ట్_పూర్ణామార్కెట్

అయితే మీకూ నిచ్చెన దొరికింది. మిగతా రోజులు అదే వెయ్యండి. వాంతి వచ్చేదాకా వెయ్యండి. మధ్యలో బాగు చెయ్యకండి.

బ్యాక్‌బెంచ్_మద్దిలపాలెం

42 రోజులు మోచేతులా! అక్కా, నీ ఫాలోవర్ల సంగతేంటి?

అక్కయ్యపాలెం_గీత

ఉన్నదే ముప్ఫై ఒక్కమంది తమ్ముడూ. అందులో అయిదుగురు మా చుట్టాలు.

అక్కయ్యపాలెం_గీత (97వ రోజు)

చెప్పి వెళ్ళకుండా మాయమయ్యాను అనుకోకండి. ఇరవై మూడు రోజులుగా మోచేతులే. రోజూ ఒకటి, కొన్ని రోజులు మూడు.

మొదటి వారం సరదాగానే నడిచింది. పదో రోజుకి మోచెయ్యి అనే మాట వింటేనే విసుగొచ్చింది. ఆ రోజు పుస్తకం తియ్యకుండా టీ తాగేశాను, మళ్ళీ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు నిలబడి వేశాను. ఆ విసుగు పోయాక, చెప్తే నమ్మరు, చేతులు ఒకేలా లేవని అప్పుడు కనపడింది. పన్నెండేళ్ళుగా రోజూ వాటినే పట్టుకుని సూది గుచ్చుతున్నాను!

ఇప్పుడు వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. ఫిషింగ్ హార్బర్ వాళ్ళు ఏడాదంతా వాయిదా వేసుకున్న పరీక్షలు ఈ రెండు నెలల్లోనే చేయించుకుంటారు. వాళ్ళ చేతికి రబ్బరు బ్యాండ్ కట్టే పనే ఉండదు, నరం తాడులా పైకి తేలి ఉంటుంది. ఆ చేతికి నేను నరం గీత ఒక్కటే వేసి వదిలేస్తున్నాను, చెయ్యి అంచు వెయ్యడం లేదు. ఇంకో రకం, గాజులు మోచేతి దాకా తోసుకుని కూర్చునే ఆడవాళ్ళు. ముసలమ్మలైతే దూదిని నమ్మరు, దాని మీద పైట చెంగు కూడా పెట్టి నొక్కుతారు.

దూదితోనే బాగా తిప్పలు పడ్డాను. చుట్టూ మెలికల గీత వేస్తే పేలాల గింజలా ఉంటుంది, చుక్కలు పెడితే ఇడ్లీ. నాలుగు రోజులు ఇడ్లీలే వేశాను. తర్వాత దూది వెయ్యడం మానేశాను. దాన్ని నొక్కుతున్న బొటనవేలు గోరు మాత్రం వేసి, కింద కాగితాన్ని తెల్లగా వదిలేశాను. గోరు మీద చిన్న గీత, నొక్కితే పాలిపోయే చోట. అక్కడ దూది ఉందని మా పాప కూడా చెప్పింది, తొమ్మిదేళ్ళది. "అమ్మా, ఇంజెక్షన్ చెయ్యి" అంది. ఇంజెక్షన్ కాదే, రక్తం తియ్యడం, అని సరిదిద్దాను. వృత్తి ధర్మం.

ఇంకొకటి చెప్పాలనే ముఖ్యంగా రాస్తున్నాను. మొన్న ఆదివారం మా వాళ్ళతో సింహాచలం వెళ్ళాను. మెట్ల దారిలో మా అత్తగారు ఆయాసపడి కూర్చుంటే, నేను పుస్తకం తీసి ఆ మెట్లు వేశాను. మోచేతులు కాదు, రూలు తప్పాను, క్షమించండి. పావుగంట పైనే టైమ్ ఉంది. తీరిగ్గా వేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే, ప్రతి మెట్టు మూల దగ్గరా గీత కలవలేదు. పై గీత వచ్చి ఆగింది, నిలువు గీత కొంచెం అవతల మొదలైంది. అక్కడ ఎవరూ టోకెన్ పిలవలేదు.

నాకు కాస్త భయం వేసింది కూడా. ఇక నేను మూల కలపగలనా అని రాత్రి కూర్చుని అగ్గిపెట్టె వేసి చూశాను. కలపగలను. కానీ ఆ అగ్గిపెట్టె ఎవరో వేసినట్టుంది.

ఉప్పుగాలి

నలభై రోజులన్నాను, మీరు ఇరవై మూడుకే తెచ్చారు. ఆ గోరు బొమ్మ ఎన్నో రోజుది? స్కాన్ చేసి పెట్టండి, ఫోన్ ఫోటోలో తెలుపు పసుపుగా పడుతోంది.

సింధూర_22

మా అమ్మ కూడా పైట చెంగు పెట్టి నొక్కుతుంది. 😊 ముఖాలు లేకపోతే నాకు అభ్యంతరం లేదు.

బోర్డు_ఆర్టిస్ట్_పూర్ణామార్కెట్

మెట్ల బొమ్మ పెట్టలేదేమమ్మా? మాటలతో సరిపెట్టేశారు. పెట్టండి, చూడాలి.

అన్నట్టు ఆ సిలికా సంచులు నిజంగా పనిచేస్తున్నాయా? నా పాత అక్షరాల నమూనా కాగితాలు బీరువాలో బూజు పట్టిపోతున్నాయి. మా అమ్మాయి చెప్పుల షాపులో అడుగుతానంటోంది, ఊరికే ఇస్తారో లేదో.